కాలిన కొండకి శాటిలైట్ రిపోర్టు కొన్నాం: 5కి 3 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, 5కి 3 స్టార్లు. ఆ మూడింటిలో ఒకటి మ్యాపుకి కాదు, సపోర్టులో మాతో మాట్లాడిన మనిషికి. ఆ కథ కింద ఉంది. కంపెనీ పేరు రాయట్లేదు. ఇలాంటి రిపోర్టుల్లో దినుసులు దాదాపు ఒకటే, అవే ఉచిత శాటిలైట్ బొమ్మలు, అవే నాలుగు లెక్కలు, కాబట్టి మేం పడ్డ తిప్పలు ఎవరి దగ్గర కొన్నా కాస్త అటూ ఇటూగా మీకూ తగలొచ్చు.

మా సంగతి ఇదీ. మేం కొంతమందిమి కలిసి చూసుకునే ఒక కొండవాలు కార్చిచ్చులో తగలబడింది, 300 హెక్టార్ల దాకా. వాలు కింద మట్టిరోడ్డు, రోడ్డు కింద కల్వర్టు, దాని దిగువన చెరువు. వానలకి ఇంకా ఏడు వారాలుంది. మంట ఆరగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు గానీ అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. చినుకుని పైనే ఆపే ఆకు లేదు, కింద నీటిని పీల్చుకునే ఎండుటాకుల పరుపు లేదు, మట్టిని పట్టుకునే సన్నవేళ్లు చాలాచోట్ల మాడిపోయాయి. మొదటి గట్టి వానకి బూడిదా పైమట్టీ కలిసి ఎటు దిగుతాయో తెలిస్తేనే ఉన్న కొద్దిమంది మనుషుల్నీ, దొరికిన కొన్ని గడ్డిమోపుల్నీ ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

"అంత సీన్ ఉండదులే" అని మీటింగులో ఒకాయన అన్నారు. కాలిఫోర్నియాలో 2017 డిసెంబరులో అంటుకున్న థామస్ ఫైర్ అనే కార్చిచ్చు ఇంకా పూర్తిగా అదుపులోకి రాకముందే, 2018 జనవరి 9న కురిసిన వానకి మాంటెసీటో అనే ఊరి మీదకి బురదా బండరాళ్లూ దిగి 23 మంది పోయారని చెప్పాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా కొండ అంత పెద్దది కాదు, దాని కింద ఇళ్లు కూడా లేవు, అయినా రిపోర్టు కొనడానికి ఆ ఒక్క ముక్క సరిపోయింది.

వాళ్ల సైట్లో రాసింది చాలా సింపుల్. కాలిన చోటు చుట్టూ గీత గీసి పంపండి, 5 పనిదినాల్లో నేలకోత రిస్క్ మ్యాపు మీ చేతిలో ఉంటుంది అని. మా చేతికొచ్చింది 11వ రోజున. దీనికి మాత్రం వాళ్లని తిట్టను. ఈ బొమ్మలు తీసే యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు రెండు కలిసి ఒకే చోటి మీదకి 5 రోజులకోసారి వస్తాయి, వచ్చిన పూట మబ్బు పట్టి ఉంటే అంతే సంగతులు, ఇంకో 5 రోజులు ఆగాలి. మాకు ఒక పాస్ అలాగే పోయింది. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాలు కలిపి 8 రోజులకోసారి ఇంకో ఛాన్స్ ఇస్తాయి గానీ వాటి పిక్సెల్ 30 మీటర్లు, అందుకని ఆగి సెంటినెల్ బొమ్మే తీసుకున్నామన్నారు. మంచి పనే. ఆ ముక్కేదో ముందే ఒక మెయిల్‌లో చెప్పి ఉంటే, రోజూ పొద్దున్నే ఇన్‌బాక్స్ తెరిచి ఉసూరుమనే బాధ మాకు తప్పేది.

వచ్చిన ప్యాకేజీలో 18 పేజీల పీడీఎఫ్ ఒకటి, అందులో 5 పేజీలు "మాకు బాధ్యత లేదు" అని చెప్పుకోవడానికే. దాంతోపాటు రెండు రాస్టర్ ఫైళ్లు, అంటే గళ్లు గళ్లుగా, గడికో అంకెతో ఉండే మ్యాపులు. ఒకటి కాలిన తీవ్రత. రెండోది హెక్టారుకి ఏడాదికి ఎన్ని టన్నుల మట్టి పోతుందన్న లెక్క. ఈ రెండోదాన్ని తర్వాత బాగా తిడతాను, కాస్త ఆగండి.

మొదటి ఫైలు తెరవగానే మాత్రం ప్రాణం లేచొచ్చింది. మేం కింద రోడ్డు మీద నిలబడి చూస్తే కొండంతా ఒకే నలుపు. మ్యాపులో చూస్తే అది మచ్చలు మచ్చలుగా ఉంది, ఉత్తరపు వాలు సగం దాకా బతికే ఉంది, మంట ఒక వాగు పాయని దాటలేక ఆగిపోయిన గీత కూడా స్పష్టంగా కనపడుతోంది. ఇది తెలుసుకోడానికి నడిచి తిరిగితే మాకు రెండు వారాలు పట్టేది, పైగా కాలిన చెట్ల కింద నడవడం ప్రమాదం కూడా, ఎప్పుడు ఏ కొమ్మ విరిగి మీద పడుతుందో తెలీదు. ఈ ఒక్క ఫైలుకే ఒక స్టారు.

దీని వెనక ఉన్న ఉపాయం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పచ్చటి ఆకు మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని బాగా తిప్పికొడుతుంది, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌ని ఆకులో ఉన్న నీరు చాలావరకు మింగేస్తుంది. కాలాక కథ తిరగబడుతుంది, మొదటిది పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. ఈ రెంటి తేడాని రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చేది ఎన్‌బీఆర్ అనే సూచీ. మంటకి ముందున్న ఎన్‌బీఆర్‌లోంచి తర్వాతది తీసేస్తే డీఎన్‌బీఆర్. ఇది 0.1 లోపుంటే కాలనట్టే లెక్క, 0.27 దాకా తక్కువ, అక్కడినుంచి 0.44 దాకా ఒక మెట్టు, 0.66 దాకా ఇంకో మెట్టు, అది దాటితే తీవ్రం. అడవి రకాన్ని బట్టి ఈ మెట్లు జరుగుతాయి గానీ పని మొదలెట్టడానికి చాలు. పల్చటి పొగ ఉన్నా షార్ట్‌వేవ్ బ్యాండు దాన్ని దాటుకుని చూడగలగడం ఇంకో లాభం, మామూలు రంగుల బొమ్మలో పొగ తప్ప ఏమీ కనపడని చోట కూడా ఇందులో మంట అంచు దొరికింది.

ఇక కంప్లైంటు. ఊరికే కూర్చోలేని జబ్బు ఉంది నాకు. సెంటినెల్ బొమ్మలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు కదా అని అవే తేదీల బొమ్మలు దించి, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో రాస్టర్ కాలిక్యులేటర్‌తో నేనే డీఎన్‌బీఆర్ కట్టాను. బాగా మాడిన ఒక గట్టు మీద నాకు 0.79 వచ్చింది. వాళ్ల ఫైల్లో అదే పిక్సెల్ 0.52. తప్పు నాదే అనుకున్నాను, కాదా మరి, వాళ్లు డబ్బులు తీసుకుని చేసేవాళ్లు. రెండు రాత్రులు దానిమీదే పోయాయి. బ్యాండ్లు మార్చి చూశా, తేదీలు సరిచూశా, ఇంకో గట్టు తీసుకుంటే అక్కడా అంతే, ప్రతిచోటా వాళ్ల అంకె నా అంకె కంటే నీరసంగా ఉంది.

చివరికి దొరికింది. 2022 జనవరి 25 నుంచి వస్తున్న సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి పిక్సెల్ అంకెకీ 1000 కలిపి ఇస్తున్నారు, బాగా చీకటిగా ఉన్న పిక్సెళ్లు సున్నా దగ్గర తెగిపోకుండా ఉండటానికి. లెక్క కట్టే ముందు ఆ 1000 తీసెయ్యాలి. నా లెక్కలో అది తీసేసి ఉంది, వీళ్లు తీయలేదు. దానివల్ల ఏమవుతుందో మా గట్టు మీదే చూడండి. మంటకి ముందు ఆ పిక్సెల్‌లో అసలు అంకెలు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కి 3000, షార్ట్‌వేవ్‌కి 1000. తేడా 2000, మొత్తం 4000, అంటే 0.5. ఆ 1000 తీయకపోతే అవి 4000, 2000 అవుతాయి. తేడా అదే 2000, మొత్తం మాత్రం 6000, అంటే 0.33. మంట తర్వాత అసలు అంకెలు 1200, 2200, ఎన్‌బీఆర్ మైనస్ 0.29. తీయకపోతే 2200, 3200, ఎన్‌బీఆర్ మైనస్ 0.19. ఇప్పుడు ముందుదాంట్లోంచి తర్వాతది తీసేస్తే అసలు జవాబు 0.79, వాళ్ల జవాబు 0.52. తీవ్రంగా మాడిన గట్టు కాస్తా ఒక మెట్టు దిగి నారింజ రంగులో కూర్చుంది. చూసేవాడికి అనుమానం కూడా రాదు, ఎందుకంటే మచ్చల ఆకారాలన్నీ సరిగ్గానే ఉంటాయి, రంగే ఒక పిసరు పలచన.

ఇదంతా స్క్రీన్‌షాట్లతో సపోర్టుకి రాశాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" టైపు జవాబు వస్తుందని ఫిక్సయిపోయా. మర్నాడే ఒకావిడ ఫోన్ చేశారు. పిక్సెల్ కోఆర్డినేట్లు అడిగారు, లైన్‌లో ఉండగానే తెరిచి చూశారు, ఒక పది సెకన్లు ఏం మాట్లాడలేదు, తర్వాత "సార్, మాదే తప్పు" అన్నారు. సాకులేమీ చెప్పలేదు. నాలుగో రోజుకి సరిచేసిన ఫైళ్లు వచ్చాయి, తీవ్రంగా కాలిందని చూపే ఎరుపు ముక్క దాదాపు రెట్టింపైంది. ఆవిడకే రెండో స్టారు. కానీ నాలాంటి పనిలేనివాడు లేని చోట ఆ పాత మ్యాపు పట్టుకునే జనం పనులు మొదలుపెట్టేసి ఉంటారు కదా, అది తలుచుకుంటే మాత్రం కోపం వస్తుంది.

ఇప్పుడు రెండో ఫైలు, టన్నుల లెక్క. మా గట్టు మీద క్లిక్ చేస్తే "47.38" అని వస్తుంది. 47 అంటే పోన్లే అనుకోవచ్చు, ఆ 38 ఎక్కడినుంచి వచ్చిందయ్యా? వాళ్లు వాడింది రసెల్ అనే సూత్రం. వాన దెబ్బ, మట్టి కొట్టుకుపోయే గుణం, వాలు పొడవు, వాలు నిటారు, నేలమీద కప్పు, మనం చేసిన రక్షణ పనులు, ఈ ఆరింటిని గుణించడమే. దీనికి తాత లాంటి సూత్రాన్ని విష్‌మీర్, స్మిత్ అనే ఇద్దరు పంట పొలాల కోసం కట్టారు, 1965లో ఒక పుస్తకం, 1978లో సవరించింది ఇంకోటి. పొలంలో చాలా ఏళ్ల సగటు మీద ఎంత మట్టి పోతుందో చెప్పడానికి పుట్టింది అది. నీరు పలచగా పారి, సన్న సన్న చాళ్లు పడి పోయే మట్టినే లెక్కేస్తుంది. గండ్లు పడటం, బురద ప్రవాహం లాంటివి ఇందులో లేనే లేవు. కాలిన నిటారు కొండ మీద మేం భయపడేది సరిగ్గా ఆ రెంటికే.

పైగా గుణకారం. ఆ ఆరింటిలో నాలుగు అంకెలు ఒక్కోటి పావువంతు ఎక్కువ పడ్డాయనుకోండి, జవాబు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అవి ఎంత తప్పు పడతాయో ఒక్కోదాన్నీ విప్పి చూశాను. మట్టి గుణం సాయిల్‌గ్రిడ్స్ అనే ప్రపంచ మట్టి మ్యాపు నుంచి తీసుకున్నారు, దాని గడి 250 మీటర్లు, అంటే ఒక్కో గడి 6.25 హెక్టార్లు, మా కొండ మొత్తానికి 50 గళ్లు కూడా రావు. పైగా అది మంటకి ముందటి మట్టి. వాలు కోసం యూరప్ వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల ఫైలు వాడారు. అది రాడార్‌తో కొలిచిన పైతలం, అంటే చెట్లున్నచోట నేల ఎత్తు కాదు, చెట్ల తలల దగ్గరి ఎత్తు. దాంతో పెద్దచెట్లు ఆగిపోయి ఖాళీ జాగా మొదలయ్యే అంచు వెంబడి మ్యాపులో నిటారు గోడ ఒకటి లేచి, దానిమీద ఎర్రటి చార పడింది. అక్కడికెళ్లి చూస్తే నేల చదును, కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

నేలమీద కప్పు లెక్క ఇంకా తమాషా. పచ్చదనం సూచీ నుంచి తీశారు, అంటే పచ్చగా లేనిదంతా బోడినేలే. వాడి రాలిన ఆకుకీ, మేం రేపు తెచ్చి పరవబోయే ఎండుగడ్డికీ ఈ లెక్కలో విలువ సున్నా. మట్టిని కాపాడటంలో ఎండుటాకుకీ పచ్చాకుకీ తేడా ఏముంది, చినుకు దెబ్బ నేలకి తగలకుండా ఆపితే చాలు కదా!

వాన సంగతికొస్తే ఏడాది సగటు పెట్టారు. కాలిన కొండని దించేది ఏడాది సగటు కాదు, ఒక పావుగంట. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు మంటల తర్వాత బురద ప్రవాహాల అంచనా వేసేటప్పుడు 15 నిమిషాల వాన తీవ్రతనే పట్టుకుంటారు, దానికి తోడు 23 డిగ్రీలకి మించిన వాలు మీద మధ్యస్థంగా, తీవ్రంగా కాలింది ఎంత అనేది చూస్తారు. అక్కడి ఫారెస్ట్ సర్వీసు ఉచితంగా ఇచ్చే ఎర్మిట్ అనే టూల్ కూడా ఒక్క అంకె చెప్పి ఊరుకోదు, ఇంత మట్టి దాటి పోవడానికి ఇంత అవకాశం ఉంది అని శాతంలో చెబుతుంది. మాకు కావాల్సింది ఆ మాట. డబ్బులు తీసుకునేవాళ్లు ఉచిత టూలు పాటి నిజాయితీ చూపించలేరా?

ఒక చిన్న చికాకు కూడా రాసేస్తా. ఫీల్డుకి వెళ్లే పిల్లలకి మ్యాపు ప్రింటు తీసిద్దామని మామూలు నలుపుతెలుపు ప్రింటర్‌లో వేస్తే ఎరుపూ ముదురాకుపచ్చా రెండూ ఒకే బూడిదరంగులో వచ్చాయి. చివరికి నేను కూర్చుని ఎర్రపెన్సిల్‌తో గీతలు గీశాను. రంగులు ఎంచుకున్నవాడు ఒక్కసారి ప్రింటు తీసి చూడాల్సింది.

ఫీల్డు దగ్గరికొచ్చాం కాబట్టి చెప్తున్నా, ఈ రిపోర్టు ఎవరు కొన్నా ఒక నీళ్ల సీసా, చిన్న తాపీ తీసుకుని కొండెక్కండి. శాటిలైట్ చూసేది చెట్టు తలకాయని. కోత పడేది కాళ్ల కింద. మ్యాపులో పసుపు రంగున్న ఒక చోట పైన గుబురు కొమ్మలు పచ్చగానే ఉన్నాయి, లోపలికి వంగి వెళ్తే కింద మంట నేల మీద పాకుతూ పోయి ఎండుటాకుల పరుపంతా తినేసింది. బూడిద పక్కకి తోసి, మట్టి మీద ఒక చుక్క వేశాను. ఇంకింది. తాపీతో ఒక సెంటీమీటరు గీకి ఇంకో చుక్క వేశాను. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడిపోయింది. 5 సెకన్లు దాటి నిలిస్తే ఆ మట్టి నీటిని తోసేస్తున్నట్టే లెక్క. నేను 40 దాకా అంకెలు పెట్టి విసుగొచ్చి వదిలేశా. ఆకుల్లోని మైనం లాంటి పదార్థాలు మంటకి ఆవిరై, కిందికి దిగి, చల్లటి మట్టి రేణువులకి పూతలా పట్టుకుంటాయి. పైన బూడిద, కింద నీరు దిగని పొర, మధ్యలో వదులుమట్టి. వాన పడితే ఆ మధ్యలోది జారడానికి తయారుగా ఉంది, మ్యాపు మాత్రం "తక్కువ రిస్క్" అంటోంది.

దీనికి రివర్సులో ఇంకోటి. నారింజ రంగున్న వాలు మీద చెట్లు కాలలేదు, వేడికి వాడిపోయాయంతే. మేం వెళ్లేసరికి ఆ గోధుమరంగు ఆకంతా రాలి నేలని చక్కగా కప్పేసింది. గడ్డి పిలక ఒకటి పీకితే వేళ్లు తెగకుండా మట్టితో సహా వచ్చాయి. అక్కడ మేం చేయాల్సిన పనే లేదు. అదే ఎర్రగట్టు మీద మొదలు పట్టుకుంటే చేతిలో పొడైపోయింది, పడిపోయిన దుంగ కింద మట్టి ఇటుకరంగుకి తిరిగింది. ఎరుపు మాత్రం నిజంగా ఎరుపే. అందుకే మూడో స్టారు.

గడ్డి కొంత ఎర్రగట్టు దిగువన, కొంత ఆ పసుపు చోట పరిచాం. విత్తనాలు చల్లుదామని కొందరన్నారు గానీ అవి మొలిచి నేలని కప్పేలోపే మొదటి గట్టి వానలు వచ్చిపడతాయి, ఎండుగడ్డి పరిచిన రోజు నుంచే పనిచేస్తుంది. మొదటి పెద్దవాన ఇరవై నిమిషాలు కొట్టింది. రెండు చోట్లా గడ్డి చాలావరకు నిలిచింది. కల్వర్టు మాత్రం సగం పూడింది. ఒండ్రు ఎక్కడినుంచి వచ్చిందా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే, మట్టిరోడ్డు పైఅంచు నుంచి. పైవాలు నీళ్లన్నీ రోడ్డెక్కి, దాన్నే కాలవ చేసుకుని, మలుపు దగ్గర మోకాలి లోతు గండి కొట్టాయి. రోడ్డు వెడల్పు 4 మీటర్లు, పిక్సెల్ 20 మీటర్లు. రోడ్డు అనేదొకటి ఉందని ఆ రిపోర్టుకి తెలియనే తెలియదు. 18 పేజీల్లో ఆ మాట ఒక్కచోటా లేదు, ఆ 5 పేజీల "బాధ్యత లేదు"లో కూడా వెతికాను.

మొన్న రెన్యువల్ మెయిల్ వచ్చింది, వచ్చే ఏడాది ఇదే తేదీల్లో మళ్లీ బొమ్మ తీసి ఎంత పచ్చబడిందో చూపిస్తారట. అది నిజంగా పనికొచ్చేదే, చచ్చిందనుకున్న చెట్టు చిగురేయడం, బతికిందనుకున్నది ఆలస్యంగా చావడం అప్పుడే తెలుస్తుంది. కాలిన తీవ్రత ఫైలు ఒక్కటే విడిగా ఇస్తారా, ఆ 1000 తీసేసి, బొమ్మల తేదీలు పైన రాసి, టన్నుల లెక్క వద్దు అని జవాబు రాశాను. ఆవిడ పై వాళ్లని అడిగి చెప్తానన్నారు. ఈలోపు మేం ఆ మలుపు దగ్గర నీళ్లు పక్కకి మళ్లేలా రోడ్డుకి అడ్డంగా రెండు కట్టలు వేసుకుంటున్నాం.